ఇంటి ప్లంబింగ్ కాంట్రాక్టు సొంతంగా తీసుకోవాలంటే ఏ లైసెన్సు, ఏ పర్మిషన్లు కావాలి?

కోదాడ_కుర్రాడు

అందరికీ నమస్తే. నాది కోదాడ దగ్గర పల్లె. హైదరాబాద్ వచ్చి ఏడేళ్లయింది. మొదటి రెండేళ్లు హెల్పర్‌గా పైపుల కోసం గోడలకు గాళ్లు కొట్టాను. తర్వాత మా మేస్త్రి దగ్గర పైపులు, ఫిట్టింగులు నేర్చుకున్నాను. ఇన్నాళ్లూ ఒకరి కింద కూలికే చేశాను. పోయిన వారం మొదటిసారి నా పేరు మీద ఒక పని వచ్చింది. ఉప్పల్ దాటాక 300 గజాల్లో జీ ప్లస్ టూ ఇల్లు. తొమ్మిది బాత్రూములు, మూడు వంటిళ్లు. మెటీరియల్ ఓనరుది, లేబర్ నాది.

మాటల్లో ఓనరు సార్ "నీకు లైసెన్స్ ఉందా బాబూ?" అని అడిగారు. నాకు ఐటీఐ కూడా లేదు. ఉందని అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. లేదంటే పని పోతుందని భయం. కనుక్కుని చెప్తానని వచ్చేశాను.

ఇంకో టెన్షన్ ఉంది. కొళాయి లైనుకే నేరుగా మోటార్ బిగించి పై ట్యాంకుకి ఎక్కించమంటున్నారు. డ్రైనేజీ కూడా వీధిలోని మ్యాన్‌హోల్‌లోకి మేమే కలపాలట, రాత్రిపూట చేస్తే ఎవరూ అడగరట. ఇవి చేయొచ్చా? ఏది చట్టమో ఏది కాదో నాకు తెలియదు. తెలిసినవాళ్లు చెప్పండి.

రిటైర్డ్_ఇంజినీర్

బాబూ, పని ఒప్పుకోకముందే అడిగావు, చాలా మంచిపని చేశావు. నేను మున్సిపల్ నీటి సరఫరా విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. కాస్త వివరంగా చెప్తాను.

"లైసెన్స్" అనే ఒక్క మాటలో జనం మూడు వేర్వేరు విషయాలు కలిపేస్తారు. నీకు పని వచ్చునని చెప్పే కాగితం ఒకటి. నువ్వు వ్యాపారం చేస్తున్నావని చెప్పే కాగితం ఇంకొకటి. ఈ ఇంటికి ఈ పని చేసుకోవచ్చని అధికారులు ఇచ్చే అనుమతి మూడోది. మూడోది చాలావరకు ఓనరు పేరు మీదే వస్తుంది, కానీ అది రాకముందే నువ్వు పని మొదలుపెడితే తవ్విన చేతులు నీవే కనుక ముందు నిన్నే పట్టుకుంటారు.

2016 నాటి జాతీయ భవన నిర్మాణ నియమావళి, అంటే నేషనల్ బిల్డింగ్ కోడ్‌లో తొమ్మిదో భాగం ప్లంబింగ్ గురించే. నీళ్ల లైనైనా డ్రైనేజీ లైనైనా లైసెన్స్ ఉన్న ప్లంబరే వేయాలని అందులో ఉంది. అయితే ఆ కోడ్ దానంతట అదే చట్టం కాదు. స్థానిక సంస్థలు తమ నియమాల్లోకి తీసుకున్నంత మేరకే అమలవుతుంది. అందుకే ఊరికో పద్ధతి. బెంగళూరులో నీటి బోర్డు లైసెన్స్ ఇచ్చిన ప్లంబర్లు ఉంటారు. చెన్నైలో మెట్రోవాటర్ దగ్గర రిజిస్టరైన ప్లంబర్లు ఉంటారు. అక్కడ కొత్త కనెక్షన్ కావాలంటే వాళ్ల చేతుల మీదుగా వెళ్లాల్సిందే. మన దగ్గర గట్టి నిఘా అంతా వీధిలోని మెయిన్ పైపు నుంచి ఇంటి మీటరు వరకే. మీటరు దాటాక గోడ లోపల నువ్వేం బిగించావో చూడటానికి ఏ ఆఫీసు నుంచీ ఎవరూ రారు. ఉద్యోగం చేసినన్నాళ్లూ నన్ను బాధపెట్టిన సంగతి ఇదే.

ఇక నువ్వడిగిన రెండు పనులకూ నా సమాధానం ఒక్కటే, చేయొద్దు.

కొళాయి లైనుకి మోటార్ పెడితే పక్కిళ్ల నీళ్లు కూడా లాగేస్తుంది. అంతకంటే ప్రమాదం ఇంకోటుంది. మెయిన్‌లో ప్రెజర్ పడిపోయినప్పుడు ఎక్కడైనా పగులుంటే చుట్టూ ఉన్న మురుగు లోపలికి వచ్చేస్తుంది. 2025 ఏప్రిల్‌లో హైదరాబాద్ వాటర్ బోర్డు దీని మీదే ప్రత్యేకంగా తనిఖీలు మొదలుపెట్టింది. దొరికినవాళ్లకు 5,000 రూపాయల జరిమానా, పైగా మోటార్ జప్తు. కొళాయి నీళ్లు సంపులోకి రావాలి, సంపు నుంచి మోటార్‌తో పైకి వెళ్లాలి. ఓనరుకి ఇలాగే చెప్పు.

మ్యాన్‌హోల్ సంగతి ఇంకా పెద్దది. దాని గురించి వేరే పోస్టులో రాస్తాను, ఇక్కడ కలిపేస్తే దాని బరువు తెలియదు.

రిటైర్డ్_ఇంజినీర్

మ్యాన్‌హోల్ గురించి. నువ్వు గానీ నీ హెల్పర్ గానీ అందులోకి దిగకండి. తల వంచి చూడకండి. "ఒక్క నిమిషం సార్, చెయ్యి పెట్టి కలిపేస్తా" అని దిగినవాళ్లు పైకి రాలేదు. లోపలి గ్యాస్ వాసన మొదట తెలుస్తుంది, మోతాదు పెరిగాక ముక్కు పనిచేయడం మానేస్తుంది, వాసన పోయిందనుకుంటాం. దిగినవాడు పడిపోతాడు, వాణ్ని లాగబోయినవాడూ పడిపోతాడు.

పాకీపనిని నిషేధించిన 2013 చట్టం ప్రకారం రక్షణ పరికరాలు లేకుండా మనిషిని మురుగు కాలువలోకో సెప్టిక్ ట్యాంకులోకో శుభ్రం చేయడానికి దించడం నేరం. మొదటిసారికే రెండేళ్ల వరకు జైలు, 2 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. దించిన కాంట్రాక్టరు మీద కూడా కేసు అవుతుంది. ఇలాంటి చావుకి పరిహారాన్ని 2023 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు 10 లక్షల నుంచి 30 లక్షలకు పెంచింది. కొత్త డ్రైనేజీ కనెక్షన్‌కి ఓనరు అప్లికేషన్ పెట్టుకోవాలి. వీధి వైపు కలిపే పని బోర్డు మనుషులే చూస్తారు. నీ పని ఇంటి ఆవరణలోని ఆఖరి ఛాంబర్ వరకే.

మియాపూర్_సెక్రటరీ

నేను మా అపార్ట్‌మెంట్ సంఘానికి రెండోసారి సెక్రటరీని. ఇంజినీర్ గారు "గోడ లోపల చూసేవాళ్లు లేరు" అన్నారు కదా, దాని ఫలితం మేం అనుభవిస్తున్నాం.

మాది 14 ఫ్లాట్లు, కట్టి ఆరేళ్లు. మూడో అంతస్తు బాత్రూం నుంచి రెండో అంతస్తు హాల్లోకి చెమ్మ. పైపులు ఎటు వెళ్లాయో చెప్పే డ్రాయింగ్ ఎవరి దగ్గరా లేదు. బిల్డరుని అడిగితే ప్లంబర్‌ని అడగమన్నారు. ప్లంబర్ ఫోన్ పనిచేయడం లేదు. ఊహించి మూడు చోట్ల టైల్స్ పగలగొట్టాం. లీకు నాలుగో చోట ఉంది. ఆ ఇంట్లో పెద్దావిడ మోకాళ్ల ఆపరేషన్ అయి మంచం మీద ఉన్నారు. నెల రోజులు ఆమె బాత్రూంకి పక్క ఫ్లాట్‌కి వెళ్లాల్సి వచ్చింది. ఆ నెలంతా నాకు నిద్ర పట్టలేదు.

డక్టులో నిలువు పైపు విప్పినప్పుడు ఇంకో విషయం బయటపడింది. లెట్రిన్ లైను మొత్తం "టైప్ ఏ" పైపే. పైపు మీద అచ్చు స్పష్టంగా ఉంది. కొత్తగా వచ్చిన ప్లంబర్ చెప్పేదాకా అదేంటో మాకు తెలియదు.

బెజవాడ_మేస్త్రి

సెక్రటరీ గారూ, ఆ విషయం నేను చెప్తానండి. డ్రైనేజీకి వాడే పీవీసీ పైపులకి ఐఎస్ 13592 అని నంబరు ఉంటుంది. అందులో టైప్ ఏ గోడ పలచన. అది వాన నీళ్లకీ గాలి పైపుకీ. మురుక్కి, లెట్రిన్‌కి టైప్ బీ వెయ్యాలి. రేటు తేడా ఉంటుంది కాబట్టి కొంతమంది ఏ వేసేసి పూత కొట్టించేస్తారు. మంచినీళ్ల సీపీవీసీకి ఐఎస్ 15778, మామూలు యూపీవీసీకి ఐఎస్ 4985. తమ్ముడూ, ఈ మూడు నంబర్లు నీ ఫోన్లో రాసిపెట్టుకో. మెటీరియల్ ఓనరుదే అయినా దింపుకునేటప్పుడు అచ్చు చూడాల్సింది నువ్వే. తప్పు పైపు వస్తే వెనక్కి పంపు. బిగించాక పేరు నీదే పోతుంది.

నాకు ఈ పనిలో 31 ఏళ్లు. జీఐ పైపుకి డై పెట్టి మర కోసి, జనపనార చుట్టి, సఫేదా రాసి బిగించిన రోజుల్నించీ ఉన్నాను. నాతో పనిచేసిన ఒడిశా వాళ్లు కేంద్రాపడ జిల్లా నుంచి వచ్చేవాళ్లు. అక్కడ పట్టముండాయి అనే ఊళ్లో ప్లంబింగ్ నేర్పడానికే ప్రభుత్వ సంస్థ ఉంది. వాళ్ల పని చూసే నేను వాలు తీయడం నేర్చుకున్నా. నా చేతిలో మాత్రం చాలా కాలం ఒక్క కాగితమూ లేదు.

ఆ మధ్య పాత అనుభవాన్ని చూసి సర్టిఫికెట్ ఇచ్చే శిక్షణ పెడితే వెళ్లాను. ఆర్‌పీఎల్ అంటారు. కొన్ని రోజులు కూర్చోబెట్టి, పరీక్ష పెట్టి ఇచ్చారు. అలాంటిదే నువ్వూ చూసుకో. ఐటీఐలో ప్లంబర్ ట్రేడు ఏడాది కోర్సు. మీ ఇంట్లో తమ్ముళ్లెవరైనా ఉంటే అది చేయించు.

లెక్కల_మాస్టారు

నేను చిన్న వ్యాపారులకు పన్నుల పని చూస్తాను. ఈ తమ్ముడికి జీఎస్టీ ఇప్పుడే అక్కర్లేదు. ఏడాది మొత్తం రాబడి 20 లక్షలు దాటితేనే సర్వీసు చేసేవాళ్లకి రిజిస్ట్రేషన్ తప్పనిసరి. లేబర్ కాంట్రాక్టు ఒక్కటే కనుక మీ లెక్కలోకి మెటీరియల్ డబ్బు రాదు. ఎవరైనా మీ చేత మెటీరియల్ కూడా కొనిపిస్తే ఆ మొత్తం కూడా మీ రాబడిలోకే వస్తుంది, అది చూసుకోండి. షాపు గానీ గోడౌన్ గానీ తెరిస్తే మున్సిపాలిటీ ట్రేడ్ లైసెన్స్ తీసుకోవాలి. బ్యాగు భుజాన వేసుకుని సైటుకి వెళ్లే దశలో పాన్, బ్యాంకు ఖాతా, రాతపూర్వక కొటేషన్ చాలు.

ఒక మాట మర్చిపోవద్దు. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో మీరూ మీ హెల్పర్లూ పేరు నమోదు చేయించుకోండి. 18 నుంచి 60 ఏళ్ల మధ్య ఉండి, గత 12 నెలల్లో 90 రోజులు పనిచేస్తే చాలు. ప్లంబర్లు అందులోకి వస్తారు. ప్రమాదం జరిగాక కార్డు కోసం తిరిగే కుటుంబాలను చూశాను.

ఫ్రిస్కో_లక్ష్మి

నేను టెక్సాస్‌లో ఉంటాను, మా పుట్టిల్లు ఖమ్మం. ఈ చర్చ చదువుతుంటే మా ఇంట్లో జరిగింది చెప్పాలనిపించింది.

మా గీజర్, ఇక్కడ వాటర్ హీటర్ అంటారు, గ్యాస్‌తో నడిచేది. పాతదైతే తెలిసినవాళ్ల ద్వారా ఒకతన్ని పిలిచి తక్కువలో మార్పించాం. పర్మిట్ అవసరం లేదన్నాడు, మేం నమ్మాం. రెండేళ్ల తర్వాత ఇంకో పనికి సిటీ ఇన్‌స్పెక్టర్ వచ్చి హీటర్ పొగ గొట్టం అతుకు వదులుగా ఉందని చూపించాడు. విషవాయువు ఇంట్లోకే రావచ్చట. మా పాప పడుకునే గది దాని పక్కనే. ఆ రోజు నా కాళ్లు వణికాయి.

అప్పుడు కూర్చుని ఇక్కడి పద్ధతి చదివాను. రాష్ట్రానికంతటికీ ఒక ప్లంబింగ్ బోర్డు ఉంది. చట్టం 1947 నాటిది. దానికి పదేళ్ల ముందు, 1937లో న్యూ లండన్ అనే ఊళ్లో బడి కింద గ్యాస్ లీకై పేలి దాదాపు 300 మంది చనిపోయారు, ఎక్కువమంది పిల్లలే. అప్పట్లో గ్యాస్‌కి వాసన ఉండేది కాదు, ఎవరికీ తెలియలేదు. వాసన కలపాలన్న చట్టం ఆ తర్వాత వచ్చిందే.

ఇక్కడ మొదట అప్రెంటిస్‌గా పేరు రిజిస్టర్ చేసుకోవాలి. 8,000 గంటలు పనిచేశాక జర్నీమన్, అంటే పని నేర్చిన ప్లంబర్ పరీక్ష, ఆపైన మాస్టర్. కాంట్రాక్టు పెట్టాలంటే బాధ్యత తీసుకునే మాస్టర్ ప్లంబర్ ఒకరుండాలి, కనీసం 3 లక్షల డాలర్ల బీమా చూపించాలి. ఆ లైసెన్స్ నంబరు వ్యాన్ రెండు పక్కలా రాసి ఉండాలి. సొంత ఇంట్లో తన పని తాను చేసుకునే యజమానికి లైసెన్స్ అక్కర్లేదు, కానీ సిటీ పర్మిట్ కావాల్సి రావచ్చు.

నాకు అన్నిటికంటే నచ్చింది ఒకటుంది. కొత్త ఇంటికి నేల స్లాబ్ పోయకముందు ఒకసారి, గోడలు మూయకముందు ఒకసారి, అంతా అయ్యాక ఒకసారి ఇన్‌స్పెక్టర్ వచ్చి చూస్తాడు. ఆయన సంతకం లేకుండా కాంక్రీటు పోయకూడదు. మన దగ్గర కూడా గోడ మూసేముందు ఎవరో ఒకరు చూస్తే ఆ పెద్దావిడ నెల రోజులు పక్కింటికి నడవాల్సి వచ్చేది కాదు.

బెజవాడ_మేస్త్రి

అమ్మా, పాపకి ఏమీ కాలేదు, అదే చాలు. కానీ ఆ పద్ధతి ఉన్నపళంగా ఇక్కడ పెడితే నాకు భయమే. 8,000 గంటలు ఎవరు లెక్క రాసి ఇస్తారమ్మా? మా మేస్త్రికి సంతకమే రాదు. హాజరు పుస్తకం కూడా లేని చోట గంటలు అడిగితే, పని వచ్చినవాడు బయటుంటాడు, డబ్బున్నవాడు కాగితం కొనుక్కుంటాడు. చదువు లేని పిల్లలు బతకడానికి మిగిలిన పనుల్లో ఇదొకటి.

ఫ్రిస్కో_లక్ష్మి

బాబాయ్ గారూ, మీరు చెప్పింది నిజం. ఇక్కడా గొడవలున్నాయి. 2019లో ఆ చట్టాన్ని పొడిగించే బిల్లు సభలో ఆగిపోయి, లైసెన్స్ వ్యవస్థే ఎత్తేసే పరిస్థితి వచ్చింది. ప్లంబర్లే ముందుకొచ్చి వద్దన్నారు. గవర్నర్ ఉత్తర్వుతో రెండేళ్లు నిలబెట్టి, 2021లో మళ్లీ చట్టం చేశారు. నన్ను ఆలోచింపజేసింది ఇదే. కాగితం అడ్డం అనుకోవాల్సిన పనివాళ్లే దాన్ని కాపాడుకున్నారు. అప్రెంటిస్‌గా ఉన్నన్నాళ్లూ జీతం వస్తుంది, నేర్పే బాధ్యత పైవాడిది. అలా నేర్పే బాధ్యత ఇక్కడ ఎవరిదీ కాకుండా పోయింది, అదే నా బాధ.

రిటైర్డ్_ఇంజినీర్

ఇద్దరి మాటలోనూ నిజముంది. నా అభిప్రాయం చెప్తాను. మనిషికి లైసెన్స్ పెట్టడం కంటే ముందు పనికి పరీక్ష పెట్టాలి. పరీక్షకి చదువు అక్కర్లేదు, పంపు చాలు. గోడ మూయకముందు లైనులో ప్రెజర్ ఎక్కించి చూడటం ఎవరైనా చేయొచ్చు. ఇది ప్రభుత్వం చెప్పేదాకా ఆగాల్సిన పని కాదు.

తమ్ముడూ, ఓనరుకి ఇంకో విషయం చెప్పు. 2012 బిల్డింగ్ రూల్స్ ప్రకారం ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ఓసీ), అంటే ఇల్లు ప్లాను ప్రకారం పూర్తయిందని ఇచ్చే కాగితం లేకుండా నీళ్లకీ డ్రైనేజీకీ కరెంటుకీ రెగ్యులర్ కనెక్షన్ ఇవ్వకూడదు. ఇస్తే మూడు రెట్ల టారిఫ్ వేయొచ్చు. మంజూరైన ప్లాను దాటి అదనంగా గదులు వేస్తే ఓసీ దగ్గర ఆగిపోతుంది, ఆఖరికి నీ పని డబ్బులు కూడా ఆగుతాయి. కాబట్టి మొదటి రోజే మంజూరైన ప్లాను కాపీ అడిగి తీసుకో. కనెక్షన్‌కి వాటర్ బోర్డు వెబ్‌సైటులో అప్లై చేయొచ్చు, అనుమానాలకు 155313. మీటరు పనిచేస్తూ ఆధార్‌తో లింక్ అయితేనే నెలకు 20 వేల లీటర్ల ఉచిత నీళ్లు వస్తాయి, అది చెప్తే సగం మంది ఓనర్లు దారికొస్తారు. బోరు వేయిస్తారా? అయితే వాల్టా, అంటే నీరు, భూమి, చెట్ల చట్టం కింద ముందు పర్మిషన్ తీసుకోవాలి, బోరు వేసే రిగ్గు కూడా రిజిస్టరై ఉండాలి.

మియాపూర్_సెక్రటరీ

నా వైపు నుంచి ఒక కోరిక. గాళ్లు పూడ్చకముందు ప్రతి గోడకీ టేపు ఆనించి ఫోటో తీయండి తమ్ముడూ. నేల నుంచి ఎంత ఎత్తు, మూల నుంచి ఎంత దూరం కనపడాలి. మా దగ్గర అలాంటి ఫోటో ఒక్కటి ఉండి ఉంటే ఒక్క టైల్‌తో పోయేది.

కోదాడ_కుర్రాడు

మూడు వారాల తర్వాత రాస్తున్నాను, క్షమించండి. సైటులో పొద్దుపోయేది.

ఓనరు సార్‌కి ఉన్నదున్నట్టు చెప్పాను. "లైసెన్స్ లేదు సార్, ఏడేళ్ల అనుభవం ఉంది. మోటార్ నేరుగా పెట్టను, మ్యాన్‌హోల్‌లోకి దిగను. గోడ మూసేముందు మీ ముందే టెస్ట్ చేసి చూపిస్తా" అన్నాను. సార్‌కి కోపం వచ్చింది. వేరేవాణ్ని చూసుకుంటానన్నారు. రెండు రోజులు ఫోన్ లేదు. ఆ రెండు రోజులూ నా భార్యకి కూడా చెప్పలేదు. మూడో రోజు ఆయనే పిలిచారు. జరిమానా సంగతి వాళ్ల బావమరిదికి కూడా తెలిసిందట. సంపు తవ్విస్తున్నారు, డ్రైనేజీ కనెక్షన్‌కి అప్లై చేశారు.

ప్లాను కాపీ అడిగితే వెంటనే ఇచ్చారు. అందులో ఎనిమిది బాత్రూములే ఉన్నాయి. తొమ్మిదోదాని గురించి ఇంజినీర్‌తో మాట్లాడతానన్నారు, దాన్ని ఆపేశాం.

పైపులు దిగినప్పుడు అచ్చు చూశాను. 25 నిలువు పైపుల్లో నాలుగు టైప్ ఏ వచ్చాయి. షాపువాళ్లు మార్చి ఇచ్చారు.

టెస్టింగ్ పంపు అద్దెకు తెచ్చాను. ఎంత ఎక్కించాలో బెజవాడ మేస్త్రి గారు ఫోన్‌లో చెప్పారు. ఇంట్లో పెట్టే ప్రెజర్ పంపు చదరపు సెంటీమీటరుకు 4 కిలోలైతే దానికి ఒకటిన్నర రెట్లు, 6 కిలోలు. పైపులు అతికించిన సొల్యూషన్ ఆరడానికి ఒక రోజు వదిలి, సాయంత్రం 6 కిలోలు ఎక్కించి తాళం వేశాం. పొద్దున చూస్తే ప్రెజర్ గేజీ ముల్లు నాలుగున్నర దగ్గర ఉంది. నా గుండె జారిపోయింది. మధ్యాహ్నానికి దొరికింది. రెండో అంతస్తు బాత్రూంలో షవర్‌కి నీళ్లు మళ్లించే డైవర్టర్ మర దగ్గర చెమ్మ. బిగించింది నేనే. విప్పి మళ్లీ టేపు చుట్టి బిగించాక, మర్నాడు ముల్లు కదల్లేదు. ఓనరు సార్ వచ్చి స్వయంగా చూశారు, ఫోటో కూడా తీసుకున్నారు.

ఇంజినీర్ సార్, టెస్ట్ చేసినట్టు కాగితం రాసివ్వమంటున్నారు. ఎలా రాయాలి?

రిటైర్డ్_ఇంజినీర్

తెల్లకాగితం చాలు. ఏ అంతస్తు, ఏ లైను, ఎన్ని కిలోలు ఎక్కించావు, ఏ రోజు ఎన్నింటికి మొదలు, ఎన్నింటికి చూశావు, ముల్లు ఎక్కడుంది. మొదటిసారి పడిపోయిందనీ ఎక్కడ సరిచేశావనీ దాచకుండా రాయి. కింద నీ సంతకం, ఆయన సంతకం, తేదీ. రెండు కాపీలు. మురుగు లైనుకి కూడా కింద బిరడా బిగించి, పై దాకా నీళ్లు నింపి చూడు. అమెరికాలో ఎక్కువ చోట్ల వాడే కోడ్‌లో పరీక్షించే అతుకు మీద 10 అడుగుల ఎత్తు నీళ్లు 15 నిమిషాలు నిలబడాలని ఉంటుంది. నువ్వు గంట ఉంచు.

బెజవాడ_మేస్త్రి

కాపీ ఒకటి ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఫోటోలతో పాటు దాచు తమ్ముడూ. తర్వాత పని అడగడానికి వెళ్లినప్పుడు అదే చూపించు. ఆర్‌పీఎల్ పరీక్ష మీ దగ్గర ఎప్పుడు పెడతారో కనుక్కుని చెప్తా. నీతో పాటు మీ హెల్పర్నీ రాయించు.

కోదాడ_కుర్రాడు

అలాగే బాబాయ్. కాగితం ఈ రాత్రికే రాస్తాను. మురుగు లైను టెస్ట్ ఎల్లుండి, నాలుగు అంగుళాల బిరడాలు రెండు తక్కువయ్యాయి, రేపు పొద్దున తెచ్చుకోవాలి.